గోనెసంచుల ఆఫీసులో యౌవనం

గోనెసంచుల సంచాలక కార్యాలయానికి యౌవనం ఒక సోమవారం పొద్దున లారీలో వచ్చింది. ఆ వేళకు సీట్లో ఉన్నది జూనియర్ అసిస్టెంటు రజిత ఒక్కతే కాబట్టి, లారీవాళ్లు వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆమే సంతకాలు చేసింది. దిగిన సామానేమిటంటే, ఆసుపత్రుల్లో సెలైన్ వేలాడదీసే ఇనుప స్టాండ్లు, ఒక ఫ్రిజ్, ఒక తెల్లటి యంత్రం, అట్టపెట్టెల నిండా సీసాలు.

"ఎవరికి బాగలేదన్నా?" అని అడిగింది రజిత.

"అందరు బాగుంటరంట మేడం ఇగ. మీ ఆఫీసుల ముసలోళ్లే ఉండరంట," అన్నాడు లారీ డ్రైవరు బిల్లు మీద ముద్ర వేయించుకుంటూ.

రైతు పండించిన వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరేసరికి అక్కడ నింపడానికి సంచులుండాలి. ఏ కేంద్రానికి ఎన్ని సంచులు పోవాలో చెప్పి లారీ ఎక్కించడమే ఆ ఆఫీసు పని. ఆ పనికి ఒక సంచాలకులు, ఒక అదనపు సంచాలకులు, వాళ్ల కింద ఉపసంచాలకులు, సహాయ సంచాలకులు, వీళ్లందరి హాజరు చూసే ఒక సూపరింటెండెంటు ఉన్నారు. సంచులు పంపేది మాత్రం రజిత. ఇదివరకు ఆ సీట్లో ఆమె భర్త ఉండేవాడు. ఒక వరికోతల కాలంలో, ఫోను చెవి దగ్గర ఉండగానే అతని గుండె ఆగింది. ఆఫీసు రెండు నిమిషాలు మౌనం పాటించి, కారుణ్య నియామకం కింద అదే కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, అదే ఫోను చేతికిచ్చింది.

భువనగిరిలో అత్తమ్మను, బడికి పోయే కూతురు మేఘనను వదిలి రోజూ బస్సులో వస్తుంది రజిత. చీకటితో లేచి వంట చేసి, బస్సులో నిలబడి వచ్చి, మళ్లీ చీకటి పడ్డాక నిలబడే ఇంటికి పోతుంది. ఆఫీసు అయిదింటికే అయిపోతుంది కానీ, సంచాలకులు కుర్చీలోంచి లేవకముందు కిందివాళ్లు లేవకూడదన్నది అక్కడి ఆనవాయితీ. ఆయన సాయంత్రం పూట ఏసీ చల్లదనం ఇష్టపడేవారు. ఆమెకు ముప్పై అయిదేళ్లు. ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆధారం ఆమె జీతం ఒక్కటే.

సంచాలకులు చిదంబరరావు గారు అంతకుముందు వారమే ఒక చల్లటి కొండ ఊళ్లో "పరిపాలనలో నవ్యత" అనే శిక్షణకు వెళ్లి వచ్చారు. ఆయన ఎక్కడ ఏం నేర్చుకున్నా అది ఆఫీసు నెత్తిన పడేది. ధ్యానం నేర్చుకుని వచ్చినప్పుడు ఫోన్లన్నిటి నోరూ నొక్కించారు. తక్కువ సామానుతో బతకడం నేర్చుకుని వచ్చినప్పుడు సిబ్బంది కుర్చీలు తీయించి చాపలు వేయించారు. ఈసారి నేర్చుకున్నది ముసలితనాన్ని రద్దు చేయడం. వచ్చే ఏడాది రిటైరు కావలసిన మనిషి కాబట్టి ఈ విద్య ఆయనకు బాగా వంటబట్టింది.

మర్నాడు సమావేశ మందిరంలో అందర్నీ కూర్చోబెట్టి, తన వెంట తెచ్చుకున్న డాక్టర్ ప్రణీత్‌ను పరిచయం చేశారు. ఆయన దేనికి డాక్టరో ఎవరూ అడగలేదు. కోటు బాగుంది.

"మనం తిన్న అన్నం దానంతటదే శక్తి అయిపోదండీ," అని మొదలుపెట్టాడు ప్రణీత్. "అన్నం లోపల విరుగుతుంది. విరిగినప్పుడు వచ్చిన ఎలక్ట్రాన్లను మోసుకుపోయి, కణంలో మైటోకాండ్రియా అనే కొలిమి దగ్గర దింపేది ఒకటి ఉంటుంది. దాని పేరు ఎన్‌ఏడీ. ఎంజైములకు చేదోడుగా ఉంటుంది కనుక కో-ఎంజైమ్ అంటారు. మోసుకెళ్తుంది, దింపుతుంది, ఖాళీగా వెనక్కొస్తుంది, మళ్లీ మోస్తుంది. జీవితమంతా దానికి ఇదే పని."

వెనక వరసలో తపాలా సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రజితకు ఆ ఎన్‌ఏడీ మీద ఎక్కడలేని జాలి కలిగింది.

"అంతటితో అయిపోలేదండీ. డీఎన్‌ఏ ఎక్కడైనా చిరిగితే అతుకు వేసేవాళ్లు కూడా దీన్నే పట్టుకుపోయి ఖర్చు పెడతారు. ఒంట్లో ఏదో ఒక మంట, వాపు ఎప్పుడూ ఉంటే అక్కడా దీన్నే వాడేస్తారు. వయసు మీదపడేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, మోయడానికి మిగిలేది తగ్గుతుంది. కొలిమి చల్లబడుతుంది. దాన్నే మనం ముసలితనం అంటున్నాం."

"తగ్గినదాన్ని బయటినుంచి భర్తీ చేయడమే పరిపాలన," అన్నారు చిదంబరరావు గారు. "ఖాళీలుంటే భర్తీ చేయమా?"

ఆఫీసులో ఎనిమిది ఖాళీలు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. వాటి పని కూడా రజితే చేస్తోంది. కానీ అది వేరే విషయం కనుక ఎవరూ ఎత్తలేదు.

సూపరింటెండెంటు యాదగిరి నిలబడ్డాడు. రూలు పుస్తకం తప్ప ఇంకో పుస్తకం తెరవని మనిషి. "సార్, సీసాల పోసింది కణం లోపటి దాంక పోతదా?"

"అధ్యయనాలు జరుగుతున్నాయండీ," అన్నాడు ప్రణీత్.

"ఇలాంటి సందేహాలే కార్యాలయానికి వాపు, యాదగిరీ. కూర్చో," అన్నారు చిదంబరరావు గారు.

ఆ తెల్లటి యంత్రం వేలి చివర రక్తపు బొట్టు తీసుకుని, కాసేపు గురగురలాడి, ఆ మనిషి కణాల వయసు ఎంతో ఎర్రటి అంకెల్లో చెబుతుంది. లోపల అది ఏం కొలుస్తుందో దానికే తెలియాలి. చిదంబరరావు గారికి అరవై ఆరు అని చెప్పింది. ఆయన మొహం మాడిపోయింది. ఆ మధ్యాహ్నమే మొదటి సీసా ఎక్కించుకున్నారు.

సీసాలు సిబ్బంది అందరికీ మంజూరయ్యాయి. గెజిటెడ్ అధికారులకు చేతికి ఎక్కించారు, మిగతావాళ్లకు సూత్రప్రాయంగా ఎక్కించారు. అంటే, రజిత రిజిస్టరులో "పుచ్చుకున్నాను" అని సంతకం పెడుతుంది, ఆమె సీసా ప్రజాప్రయోజనం దృష్ట్యా సంచాలకుల స్టాండుకు వేలాడుతుంది. కొన్ని వారాలు సమావేశ మందిరంలో అధికారులు వరసగా వాలు కుర్చీల్లో పడుకుని, చేతికి గొట్టాలతో ఫైళ్లు చూశారు. ఫైలు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు కాబట్టి రజిత పక్కన నిలబడి పేజీలు తిప్పింది.

ఎక్కువ సీసాలు ఎక్కినందువల్లనో, యంత్రానికి పెద్దాయన అంటే గౌరవం కలిగినందువల్లనో, చిదంబరరావు గారి కణ వయసు దిగుతూ దిగుతూ ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఆయన జీన్స్ ప్యాంటు వేసుకుని వచ్చి కేకు కోశారు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, పై అంతస్తులో కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డారు. ఆ వారమే, తనకింకా ముప్పై ఏళ్ల సర్వీసు ఉందన్న సంగతి ప్రభుత్వానికి ఎక్కడ తెలియకుండా పోతుందోనని, స్వహస్తాలతో ఒక ఉత్తర్వు రాశారు.

"కాలెండరు అనునది భూమి సూర్యుని చుట్టూ తిరుగుటకు సంబంధించిన విషయము. అందులో ఉద్యోగి ప్రమేయము ఏమియు లేదు. కావున ఇకమీదట ఈ కార్యాలయమునందు అన్ని ప్రయోజనాలకూ కణ వయసే వయసుగా పరిగణింపబడును."

మరుసటి సోమవారం ఆయన ఆఫీసుకు వచ్చేసరికి గది తలుపు మీద పేరుపలక లేదు. మంచినీళ్ల క్యాను పక్కన, చేతులు లేని ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది.

"ఇది ఏమిటి?"

"మీ సీటు సార్," అన్నాడు యాదగిరి, చేతులు కట్టుకుని. "వయసును బట్టి సీనియారిటీ మల్ల తయారు చేసిన. అందరికన్నా చిన్న మీరే. ముప్పై ఒకటి. ప్రొబేషనరు కూసునేది గా కుర్చీలనే."

"నేను రిటైర్మెంటు ప్రయోజనానికి రాశానయ్యా!"

"ఆర్డరుల ‘అన్ని ప్రయోజనాలకూ’ అని ఉంది సార్."

"అయితే ఇప్పుడే రద్దు చేస్తున్నాను. కాగితం తే!"

"ప్రొబేషనరుకు రద్దు చేసే పవరు లేదు సార్," అన్నాడు యాదగిరి నిజంగానే బాధపడుతూ. "రూల్సు నేను రాయలే గద."

పవరు ఇప్పుడు అదనపు సంచాలకులు కోదండపాణి గారిది. పై ఆయనకు పోయిన సీసాలు పోగా మిగిలినవే ఎక్కించుకున్నందుకు ఇన్నాళ్లూ లోలోపల కుమిలిపోయిన మనిషి. ఇప్పుడు ఆయన కణ వయసు యాభై రెండు, అధికారులందరిలోకీ ఎక్కువ. ఆయన తన పాత పై అధికారిని ఎంతో ఆప్యాయంగా చూసి, "విధానపరమైన నిర్ణయాలను తొందరపడి తిరగదోడరాదు, తమ్ముడూ," అన్నారు.

దాంతో ఆఫీసు గాలి మారింది. యౌవనం కోసం పోటీ పడ్డవాళ్లే ముసలితనం కోసం ఎగబడ్డారు. స్టాండ్ల మీద కండువాలు ఆరేసుకున్నారు. ప్రమోషను కావలసినవాళ్లు పొద్దునా సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నారు. ఒక ఉపసంచాలకులు నిద్ర మానేసి టీవీలో చర్చలు చూశారు. ఇంకొకాయన ఇంట్లో కావాలని తగాదాలు పెట్టుకుని, అత్తగారిని కూడా పిలిపించుకున్నారు. మళ్లీ అందరి వేళ్లూ గుచ్చారు. ఎవరి అంకె పెరిగితే వాళ్లకు అభినందనలు.

ఈసారి వరస తప్పకుండా రజిత వేలు కూడా గుచ్చారు. యంత్రం మామూలుకంటే ఎక్కువసేపు గురగురలాడి, అరవై మూడు అని చెప్పింది. ఆఫీసు నోరు వెళ్లబెట్టింది.

కోదండపాణి గారు ఆమె బల్ల దగ్గరికి స్వయంగా వచ్చారు. అది అంతకుముందు ఎన్నడూ జరగలేదు. "ఎలా సాధించావమ్మా? మాకు చెప్పకూడదా?"

"నేనేం చేస్త సార్. వచ్చుడు, పోవుడు, అంతే."

"దినచర్య చెప్పు, దినచర్య. ఏమీ దాచకు."

చెప్పింది. ఆయన ప్రతిదీ తలాడిస్తూ విని, ఆ సాయంత్రం కారు పంపించేసి ఆమెతో పాటు బస్సెక్కారు. ఉప్పల్ దగ్గర కాలేజీ పిల్లల సంచులు ఆయన వీపు మీద, ఎవరిదో కూరగాయల బుట్ట ఆయన కాలి మీద, పై కడ్డీకి వేలాడుతూ ఆయన. "రోజూ ఇంతేనా?" అన్నారు చెమట తుడుచుకోవడానికి చెయ్యి లేక.

"ఇయ్యాల జర ఖాళీ ఉంది సార్," అంది రజిత.

తరవాతి స్టాపులో ఆయన దిగిపోయారు. ముసలితనం అందరికీ దక్కేది కాదని మర్నాడు చాలా వినయంగా ఒప్పుకున్నారు.

రెండు రోజులు రజితకు ఆ ఆఫీసులో ఎన్నడూ లేని మర్యాద జరిగింది. టీ ముందు ఆమెకే వచ్చింది. మూడో రోజు యాదగిరి ఒక శాలువా, ఒక పూలదండ, ఒక కాగితం పట్టుకుని వచ్చి, ఎదుట కూర్చుని నీళ్లు నమిలాడు.

"అమ్మా, సీనియారిటీ ప్రకారం ఆఫీసుకు హెడ్డువు ఇప్పుడు నువ్వే. పెద్దసారు గది నీదే. చార్జి తీస్కోవాలె."

"నాతోని ఆటలాడుతున్నరా సార్?"

"ఆటలేంది. ఇంకోటి కూడ ఉంది." ఆయన దండను బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "రిటైర్మెంటు అరవై ఒకటికి. నీకు అరవై మూడు. చార్జి తీసుకున్న రోజే దిగిపోవాలె. పెన్షనుకు సర్వీసు సాలదు. శాలువ మాత్రం మంచిది తెచ్చిన."

మేఘన బడి ఫీజు, అత్తమ్మ బీపీ గోళీలు, ఇంటి కిరాయి, అన్నీ ఒక్కసారిగా రజిత కళ్ల ముందు నిలబడ్డాయి. "సార్, నాకు ముప్పై అయిదేండ్లు. మా పెండ్లికి మీరు వచ్చి పోయిండ్రు. మీకు తెల్వదా?"

"నాకు తెలుసమ్మా. ఆర్డరుకు తెల్వది."

"మీ అందరి పని నెత్తికెత్తుకుంటే గదా సార్ నాకు గంత వయసు వచ్చింది! మా ఆయన ఇదే కుర్చీల పోయిండు. నన్ను గిట్ల పంపుతరా?"

యాదగిరి తల వంచుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరి మెడ మీద కత్తి పెట్టినా రూలు ప్రకారమే పెట్టే మనిషి. ఆ తల వంచుకోవడం చూసి రజితకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంటలోనే, ఇన్నేళ్లూ ఫైళ్ల పేజీలు తిప్పిన చెయ్యి ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

"దీని మీద ఎవరు పెడ్తరు సార్ సంతకం?"

"నీకంటె సీనియర్ పెట్టాలె."

"ఎవరున్నరు నాకంటె సీనియర్?"

యాదగిరి సీనియారిటీ జాబితాను పైనుంచి కిందికి చూశాడు. ఆఫీసులో ఆమెకంటే పెద్ద ఎవరూ లేరు. కోదండపాణి గారు బజ్జీల దయవల్ల యాభై ఎనిమిది దాకా వచ్చి ఆగిపోయారు. ఆమెను పంపాలంటే ఆమే సంతకం పెట్టాలి.

"మరి... నువ్వే పెట్టాలె అమ్మా," అన్నాడు చివరికి.

"పెడ్త. ముందు చార్జి తీసుకోనియ్యిండ్రి."

ఆమె లేచి, తపాలా సంచీ భుజాన వేసుకునే సంచాలకుల గదిలోకి నడిచింది. తిరిగే కుర్చీలో కూర్చుంది. అది అంత మెత్తగా ఉంటుందని ఆమెకు తెలియదు. గుమ్మం దగ్గర ఆఫీసంతా పోగైంది. వెనక, ప్రొబేషనరు చిదంబరరావు గారు మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నారు.

"యాదగిరి సార్, హెడ్డాఫీసరు సెలవు పెట్టుకుంటే ఎవరు మంజూరు చెయ్యాలె?"

"హెడ్డు తనే పెట్టుకుని, ‘పైవారికి తెలియజేయడమైనది’ అని రాస్తే సాలు. పెద్దసారు ఇన్నేండ్లు గట్లనే పోయిండు."

"నేను చేరినప్పటి సంది ఒక్క రోజు ఆర్జిత సెలవు వాడలే. ఒక నెల రాసుకుంటున్న." రాసింది, సంతకం పెట్టింది. "గా రిటైర్మెంటు సంతకం వచ్చినంక పెడ్త. సెలవుల ఉన్నోళ్లు ఆఫీసు కాగితాల మీద సంతకం పెట్టొద్దు గద?"

"పెట్టొద్దు," అన్నాడు యాదగిరి. ఆయన గొంతులో మొదటిసారి ఒక రూలును మెచ్చుకున్న ధ్వని వినిపించింది.

ఇంటికి వెళ్లి రజిత నిద్రపోయింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని భయంతో మొదటి రెండు రాత్రులు అటూ ఇటూ దొర్లింది. ఆ తర్వాత ఒళ్లు భయాన్ని కూడా లెక్కచేయలేదు. పొద్దెక్కేదాకా పడుకుంది. వేడి వేడి అన్నం కూర్చుని తిన్నది. మధ్యాహ్నం మళ్లీ పడుకుంది. "కోడలికి ఏమైంది?" అని పక్కింటావిడ అడిగితే, అత్తమ్మ పోశమ్మ, "ఏం కాలే, పండుకుంది," అని తలుపు దగ్గరికి వేసింది.

ఆఫీసులో వరికోతల కాలం వచ్చింది.

రజిత బల్ల మీది ఫోను మోగడం మొదలైంది. ఎవరు ఎత్తాలన్నది ప్రశ్న. ఆఫీసులో అందరికంటే చిన్నవాడు ఎత్తాలని యాదగిరి తేల్చాడు. చిదంబరరావు గారు ఎత్తారు. "సంచులెక్కడ సచ్చినయి?" అంది ఫోను. ఆయన జీవితంలో ఫోను ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. రోడ్ల మీద వడ్లు కుప్పలు పోసి ఉన్నాయి, మబ్బు పడుతోంది, రైతులు తిడుతున్నారు. ఆయన ఎండలో గోదాముకు పోయి కట్టలు లెక్కపెట్టించారు. లారీ మీదికి ఎక్కి తాడు బిగించారు. లారీ చెడిపోతే రోడ్డు మీద కూర్చున్నారు. అన్నం మరిచిపోయారు. రాత్రి కలలో కూడా సంచులే వచ్చాయి. మిగతా అధికారులు కూడా తలో కేంద్రానికి పరిగెత్తారు. బజ్జీలు తినే తీరిక ఎవరికీ లేకపోయింది. అయినా వాళ్ల అంకెలు, ఎవరూ కోరకుండానే, రోజురోజుకీ పెరిగాయి.

నెల ముగిసే ముందు యాదగిరి యథావిధిగా అందరి వేళ్లూ గుచ్చాడు. రజిత సీట్లో పనిచేసిన చిదంబరరావు గారికి అరవై చిల్లర వచ్చింది. సెలవులో ఉన్న రజితను పక్కన పెడితే ఆఫీసులో ఆయనే పెద్ద. పేరుపలక తిరిగి తలుపెక్కింది.

"సార్, మీకు కంగ్రాట్స్," అన్నాడు యాదగిరి. "కానీ జర తొందర పడుండ్రి. నిన్నటి లారీ మీద ఇంకో ట్రిప్పు వేసుంటే అరవై ఒకటి దాటిపోయేది. శాలువ నా దగ్గర్నే ఉంది."

చిదంబరరావు గారు కుర్చీలో పూర్తిగా కూర్చోకుండానే కలం తీశారు. "శాస్త్రీయ పరిణామముల దృష్ట్యా" అని మొదలుపెట్టి, కణ వయసు ఉత్తర్వును వెనకటి తేదీ నుంచే రద్దు చేశారు. దాంతో పాటు రజిత రిటైర్మెంటు కాగితం కూడా చిత్తుకాగితం అయింది.

సెలవు ముగించుకుని రజిత మొదటి రోజు ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే యాదగిరి ఎదురొచ్చి, "ఉద్యోగానికి ఏం కాదమ్మా. పా, సీట్ల కూసో," అన్నాడు. ఆమె మెట్ల మీదే ఒక్క క్షణం కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని లేచింది.

డాక్టర్ ప్రణీత్‌కు మాత్రం ఆమె వేలు కావాలి. గుచ్చాడు. యంత్రం ముప్పై మూడు అంది. ఆయన కోటు సర్దుకున్నాడు. అరవై మూడు నుంచి ముప్పై మూడుకు, ఒక్క నెలలో! రిజిస్టరు తెరిస్తే ఆమె పేరున సీసాలన్నీ పుచ్చుకున్నట్టు సంతకాలున్నాయి. ఇక ఏమి కావాలి? "సీసాల ఫలితం ఆలస్యంగానైనా అద్భుతం" అని నివేదిక రాయబోయాడు.

"నాకు సీసాలు ఎక్కియ్యలే సార్," అంది రజిత. "పెద్దసారుకు ఎక్కించిండ్రు."

ప్రణీత్ కలం ఆగింది. "మరి మీరు ఏం తీసుకున్నారు?"

"సెలవు."

"అది కాదు మేడం. ఏ పదార్థం? ఎంత మోతాదు?"

"పండుకున్న సార్. తిన్న, పండుకున్న. అంతే."

చుట్టూ చేరిన అధికారులందరూ ఎండకు కమిలిన మొహాలతో ఆమె వైపు చూశారు. ఎవరో ఒకరు, ఈ ఆఫీసులో పని ఎంత, అది చేసే మనుషులెందరు, ఆ ఎనిమిది ఖాళీలు ఏమయ్యాయి అని అడుగుతారేమోనని ఆమె ఎదురుచూసింది. చిదంబరరావు గారు మెల్లగా లేచారు. ఆయన కళ్లలో ఆ పాత వెలుగు కనిపించగానే రజితకు భయం వేసింది.

"నిద్ర!" అన్నారు. "ఇన్నాళ్లూ మన ముందే ఉంది!"

కొత్త ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది.

"నిద్ర అనునది కణముల మరమ్మతు ప్రక్రియ అని ఈ కార్యాలయమునందు జరిగిన పరిశోధనలో రుజువైనది. అధికారుల కణములు రాష్ట్ర సంపద. కావున గెజిటెడ్ అధికారులందరును భోజనానంతరము సమావేశ మందిరమునందు నిద్రించవలెను. నిద్రాభంగము కలిగించుట క్రమశిక్షణారాహిత్యము. నిద్రించుచున్న అధికారిని, ఆ అధికారి లిఖితపూర్వక అనుమతి లేనిదే ఎవరును లేపరాదు. ఈ విషయమున విశేష అనుభవము గల శ్రీమతి రజిత గారు, ప్రస్తుత విధులకు అదనముగా, మేలుకొని ఉండి పర్యవేక్షించవలెను."

సెలైన్ స్టాండ్లకు దోమతెరలు కట్టారు. సీసాలు పోయిన చోటికి దిండ్లు వచ్చాయి. మర్నాడు భోజనాలవగానే అధికారులు వరసగా పడుకున్నారు. నెల రోజులు లారీల వెంట తిరిగిన ఒళ్లు కాబట్టి ఎవరికీ జోలపాట అక్కర లేకపోయింది. చిదంబరరావు గారి గురక ఆ యంత్రం గురగురను మించిపోయింది. పక్క గదిలో రజిత ఫోను చెవికి పెట్టుకుని, గొంతు తగ్గించి, ఆ పూట కేంద్రాలకు పోవాల్సిన సంచులన్నీ పంపించింది.

అయిదైంది. పని అయిపోయింది. లోపల ఎవరూ కదల్లేదు. ఆమె అలవాటుగా కూర్చునే ఉంది. ఎప్పటిలాగే పెద్దసారు లేవాలి, అప్పుడు తను లేవాలి. ఎప్పటిలాగే బస్సులో సీటు ఉండదు. కూర్చుని కూర్చుని, గోడకు అంటించిన ఉత్తర్వును మళ్లీ చదివింది. లేచి యాదగిరి దగ్గరికి వెళ్లింది.

"సార్, అయిదు దాటింది. లేపాల్నా?"

"వాళ్లు రాసిచ్చిండ్రా లేపుమని?"

"లే."

"మరి లేపితే తప్పు."

"ఇప్పుడు రాసియ్యిమని అడగాల్నంటే?"

"లేపి అడగాలె," అన్నాడు యాదగిరి. "అది ఇంకా పెద్ద తప్పు."

"మరి నేను కూసోవాల్నా సార్?"

యాదగిరి కళ్లజోడు పెట్టుకుని ఉత్తర్వును పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "ఉండమని ఎక్కడ లేదు," అని, గొడుగు తీసుకుని బయటికి నడిచాడు.

రజిత మందిరం తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. అధికారుల కణాలకు ఇబ్బంది కలగకుండా లైటు కూడా ఆర్పింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బీబీనగర్ చెరువు మీద వెలుతురు ఉండగా చూసి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఇల్లు చేరేసరికి మేఘన ఇంకా గడపలో కూర్చుని హోంవర్కు చేస్తోంది. తల్లిని చూసి గాభరాగా లేచింది.

"అమ్మా, గింత జల్ది వచ్చినవేంది? ఉద్యోగం తీసేసిండ్రా?"

"లేదు బిడ్డా. ఉంది."

ఉంది అన్న ఆ మాట పైకి అన్నాక రజితకు ఒళ్లంతా తేలికైంది. సంచీ గడప మీద పెట్టి, మంచం మీద ఒక్క క్షణం నడుం వాల్చింది. అత్తమ్మ చాయ్ గ్లాసుతో వచ్చేసరికి ఆమె కళ్లు మూతపడ్డాయి. చాయ్ చల్లారిపోతుందని మేఘన తల్లి భుజం మీద చెయ్యి వేయబోయింది.

పోశమ్మ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసింది.

"లేపకు బిడ్డా," అంది. "పండనియ్."